ఆరుగురు దేవుళ్లు, ఒక ఇంగ్లీషు మాట

చాలా ఏళ్లుగా నాకో సందేహం ఉంది. నా పూర్తి పేరు గంటి వీర వెంకట సత్య సుబ్రహ్మణ్య లక్ష్మీ నరసింహమూర్తి. నేను పుట్టకముందు మా అమ్మ మొక్కని దేవుడు లేడు. పుట్టాక, ఇది ఎవరి అనుగ్రహమో తేల్చుకోలేక, ఎవరి వాటా వాళ్లకు నా పేరులో పెట్టేసింది. వీరభద్రుడు, వెంకటేశ్వరుడు, సత్యనారాయణ స్వామి, సుబ్రహ్మణ్యేశ్వరుడు, లక్ష్మీదేవి, నరసింహ స్వామి. తీరా పెద్దయ్యాక లోకమంతా నన్ను "మూర్తీ" అంటోంది. ఇంటిపేరు పక్కన పెడితే, ఇంత పేరులోనూ ఆ ఆరుగురిలో ఎవరికీ చెందని ముక్క అదొక్కటే. మరి ఎవరైనా "మూర్తీ" అని పిలిస్తే నా లోపలినుంచి "ఆయ్" అని పలుకుతున్నది ఎవరు? పిలుపు అందని ఆ ఆరుగురూ నొచ్చుకోరా?

ఒకసారి మా గుడి పూజారి గారిని అడిగాను. ఆయన నా చేతిలో ఇంకొంచెం ప్రసాదం పెట్టి పంపించేశారు. ప్రసాదం బాగుంది. సందేహం అలాగే ఉంది.

నా పేరు ఇంత ఆలోచనకు పనికొస్తుందని నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి. తరవాత మా మునిసిపాలిటీ కూడా అనుకుంది.

మా ఇంటి ముందునుంచి మునిసిపాలిటీ వారి మురుగుకాలువ పోతుంది. గడపలోంచి వీధిలోకి రావాలంటే దాని మీద బండ ఉండాలి. ఒక రోజు ఇసుక ట్రాక్టరు వెనక్కి వస్తూ ఆ బండను రెండు ముక్కలు చేసి కాలువలో పడేసి వెళ్లింది. నాకు బజారులో పూజాసామగ్రి కొట్టుంది. కర్పూరం, వత్తులు, సాంబ్రాణి మూటలు సైకిలుకు కట్టుకుని రోజూ ఆ కాలువ దాటాలి. దూకే వయసు దాటిపోయింది. మా ఆవిడ సీతామాలక్ష్మి దూకనని ముందే చెప్పేసింది.

పక్కింట్లో మంగతాయారు పిన్నిగారుంటారు. ఆవిడ దొడ్లో రెండు రాతి దిమ్మల మీద నిలబెట్టిన బట్టల బండ ఒకటుంది. నల్లరాయి, నున్నగా అద్దంలా ఉంటుంది. నడుం ఎత్తున ఉండటం వల్ల వంగక్కర్లేకుండా నిలబడి ఉతుక్కోవచ్చు. పిన్నిగారికి మోకాళ్ల నొప్పులు. నేను వెళ్లి, "పిన్నిగారూ, రెండ్రోజులు మీ బండ ఇప్పించండి. మునిసిపాలిటీ వాళ్లు వచ్చి కొత్తది వెయ్యగానే తెచ్చిచ్చేస్తాను," అన్నాను. ఆవిడ మంచి మనిషి. ఇచ్చారు.

ఆ రెండ్రోజులు మొదలై రెండో వానాకాలం వచ్చేసింది.

అంతగా అయితే ఒక బండ కొనుక్కోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. కానీ రేపోమాపో మునిసిపాలిటీ వేస్తుంటే మనం కొనడం దేనికని ఊరుకున్నాను. పైగా మా వీధి మొదట్లో ఒకాయన సొంత డబ్బుతో సిమెంటు పలక వేయించుకుంటే, అది ఆక్రమణ అని మునిసిపాలిటీ వాళ్లే వచ్చి పగలగొట్టారు. అంత చురుకైనవాళ్లు నా బండ వెయ్యకుండా ఉంటారా అనుకున్నాను. నా తెలివి అంతవరకే పనిచేసింది.

ఈలోగా పిన్నిగారు పీట వేసుకుని చప్టా మీద కూర్చుని ఉతుక్కునేవారు. లేవడానికి గోడ పట్టుకునేవారు. నేను వాకిట్లో కనిపిస్తే చాలు, గోడ మీదుగా పలకరించేవారు.

"ఏవయ్యా మూర్తీ, మా బండ కులాసాగా ఉందా?"

"ఉందండి పిన్నిగారూ."

"దానికేం, మీ వాకిట్లో దర్జాగా పడుకుంది. ఎవరో ఒకరు తొక్కుతున్నారు, కుక్క కూడా పక్కన తోడు పడుకుంటంది. పుట్టింటికి ఎప్పుడు పంపుతావో చెబితే పసుపూకుంకం సిద్ధం చేసుకుంటాను."

సీతామాలక్ష్మి లోపలినుంచి నవ్వేది. నేను కొట్టుకు ఆలస్యమైందని సైకిలెక్కేవాణ్ణి. ఆ బండ మీదుగానే.

మునిసిపల్ ఆఫీసుకు వెళ్లిన మొదటి రోజు నా అర్జీ తీసుకున్న అధికారి చిట్టూరి కామేశం గారు. అంతకుముందు పారిశుద్ధ్యం చూసేవారు. ఇప్పుడు ఆయన గది తలుపు మీద "పదాన్వేషణ విభాగం" అని కొత్త బోర్డుంది. అర్జీ అటూ ఇటూ తిప్పి చూసి తలెత్తారు.

"తమరి కోరిక సూత్రప్రాయంగా సబబే. కానీ ఈ అర్జీ పదరహితంగా ఉంది."

"రెండు పేజీలు రాశానండి."

"ఆ పదాలు కావు. ప్రతిపాదిత పనికి పదం ఏదీ?"

ఆయన ఓపికగా వివరించారు. కొత్తగా వచ్చిన కమిషనరు గారు రాజధానిలో ఏదో శిక్షణ శిబిరానికి వెళ్లారట. అక్కడ ఎవరి పథకం చూసినా దానికొక చురుకైన ఇంగ్లీషు మాట పేరుగా ఉందిట. ఆ మాటలో ఒక్కో అక్షరానికీ ఒక్కో అర్థం. మన ఊళ్లో గొయ్యి పూడిస్తే దాన్ని "గొయ్యి పూడ్చుట" అంటున్నామే అని కమిషనరు గారికి సిగ్గేసిందిట. తిరిగి రాగానే ఉత్తర్వు ఇచ్చారు. ఇకమీదట ఏ పనికైనా ఒక ఇంగ్లీషు మాట ఉండాలి. అది ప్రజల్లోంచే రావాలి. కాబట్టి అర్జీదారు పూర్తి పేరులోని మొదటి అక్షరాలూ, పనిని తెలిపే ఇంగ్లీషు మాట మొదటి అక్షరమూ అన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడి ఉండాలి. వరస ఎలా ఉన్నా ఫరవాలేదు. ఉత్తేజకరంగా ఉంటే మరీ మంచిది.

"దీనివల్ల పౌరుడికి పనితో ఆత్మీయ బంధం ఏర్పడుతుంది," అన్నారు కామేశం గారు. "తమరి అక్షరాలు చెప్పండి."

చెప్పాను. ఆయన రాసుకుంటూ ఒక దగ్గర ఆగి, "వి చెప్పేశారు," అన్నారు.

"అది వీరభద్రుడిదండి. ఇది వెంకటేశ్వరుడిది."

ఎస్ దగ్గర కూడా అలాగే ఆగారు. చివరికి జి, వి, వి, ఎస్, ఎస్, ఎల్, ఎన్ తేలాయి. రిపేరుకు ఆర్ కలిపారు. కాగితం దూరంగా పట్టుకుని చూశారు.

"ఒక్క అచ్చు కూడా లేదేటండీ?"

"మా అమ్మ చూసుకోలేదండి."

"మీ ఆవిడ గారి పేరుతో పెడదామంటే ఇంటిపన్ను తమరి పేరునుంది. తమరే పెట్టుకోవాలి. పదం దొరికిన రోజు దయచెయ్యండి." ఆ అర్జీ మీద ఎర్ర సిరాతో "పదం కొరకు పెండింగు" అని రాసి నాకిచ్చేశారు.

మిగతా ఊళ్లో పనులు చకచకా అయిపోతున్నాయి. మూడో వార్డులో తోట అప్పలస్వామి అనే ఆయన నీటి పైపు పగిలిందని అర్జీ పెట్టుకున్నాడు. టి, ఎ, పైపుకు పి. కలిపితే ట్యాప్. కమిషనరు గారు పరవశించిపోయి మర్నాటికల్లా ఆయన ఇంటి ముందు ఇత్తడి ట్యాపు పెట్టించారు. వెనక పైపు లేదు. పైపు సంగతి అడిగితే, పదంలో పైపు ఎక్కడుందని ఎదురు ప్రశ్న వేశారుట. అప్పలస్వామి ఆ ట్యాపును రోజూ తుడుచుకుంటున్నాడని విన్నాను.

దాసరి ఓంకార లింగమూర్తి అనే మాస్టారు వీధిదీపం కావాలన్నారు. డి, ఓ, ఎల్, లైటుకు ఇంకో ఎల్. డాల్ అనే మాట తేలింది. వాళ్ల కూడలిలో దీపం పట్టుకున్న సిమెంటు బొమ్మ వెలిసింది. దీపంలో బల్బు లేదు. చీకట్లో మాస్టారే రెండుసార్లు దానికి గుద్దుకున్నారు.

వీటిని చూసి నాకు భయం వెయ్యాలి. వెయ్యలేదు. అసూయ వేసింది. ఎంత చక్కటి అక్షరాలు వాళ్లవి! ఆ ఊపులో పాత పుస్తకాల కొట్టుకు వెళ్లి, రెండు చేతులతో ఎత్తాల్సిన ఇంగ్లీషు నిఘంటువు ఒకటి తెచ్చుకున్నాను.

నేను చదివింది హైస్కూలు దాకానే. అంత పెద్ద పుస్తకాన్ని ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. తెలిసిన పద్ధతి ఒక్కటే, పారాయణ. పొద్దున్నే స్నానం చేసి, దీపం పెట్టి, పీట మీద నిఘంటువు ఉంచి, రోజుకు ఇన్ని పేజీలని చదవడం మొదలుపెట్టాను. మూడో రోజుకు సీతామాలక్ష్మి అలవాటు కొద్దీ పుస్తకం ముందు రెండు అరటిపళ్లు పెట్టింది.

పిన్నిగారు గోడ మీదుగా చూసి, "ఎవరి పురాణం నాయనా?" అన్నారు.

"ఇంగ్లీషు మాటలండి పిన్నిగారూ. మీ బండ కోసమే."

"మా బండకి ఇంగ్లీషు రాదయ్యా."

ఇంగ్లీషులో రెండు వి లున్న మాటలు మహా అరుదు. వీరభద్రుడూ వెంకటేశ్వరుడూ ఒకే ఇంట్లో పడే అవకాశం ఇంగ్లీషువాళ్లకు రాలేదనుకుంటాను. వి రెండు దొరికితే జి ఉండదు. జి దొరికితే ఎల్ ఉండదు. అన్నీ ఉన్నాయని ఎగిరి గంతేస్తే అది మాట కాదు, ఏదో ఊరి పేరు. కొట్లో కూర్చున్నా అదే ధ్యాస. ఎవరో వచ్చి "అగరొత్తులు ఇయ్యండి" అంటే, అందులో ఎ, జి, ఆర్ ఉన్నాయి, వి లేదు అని విచారించేవాణ్ణి. అన్నిటికంటే సిగ్గుపడాల్సింది, సాయంత్రం దీపం ముందు కూర్చుని వేయి నామాలు చదువుకుంటూ ఏ నామంలో ఎన్ని వి లున్నాయో చూసుకోవడం. కళ్లు మూసుకుంటే భగవంతుడికి బదులు కామేశం గారు కనిపించేవారు.

నిఘంటువులో సగం అయినా పదం దొరకలేదు. తీరా దొరికింది మునిసిపల్ ఆఫీసులోనే.

ఆ రోజు కామేశం గారి గది బయట చాలాసేపు నిలబడ్డాను. ఆయన కిటికీ వైపు తిరిగి ఫోను మాట్లాడుతున్నారు. ఆఫీసు సామాన్ల మీద రాసినట్టే ఆయన కుర్చీ వీపు మీద కూడా తెల్లరంగుతో ఇంగ్లీషులో పేరూ నంబరూ రాసి ఉన్నాయి. రివాల్వింగ్ చెయిర్. అలవాటు కొద్దీ అక్షరాలు విడదీశాను. ఆర్. ఇ. వి. ఓ. ఎల్. ఇంకో వి! ఐ. ఎన్. జి!

"దొరికిందండీ!" అని అరిచాను. ఫోను ఆయన చేతిలోంచి జారింది.

కామేశం గారు లేచి, కుర్చీ వెనక్కి వచ్చి, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమూ సరిచూశారు. ఇన్నాళ్లుగా ఆయన పదం మీదే కూర్చుని ఉన్నారని తెలిసి కొంచెం గంభీరమయ్యారు. తరవాత పెదవి విరిచారు.

"ఎస్ లేదండీ. రెండు ఎస్ లూ లేవు."

"చెయిర్స్ అంటే ఒకటి వస్తుంది కదండీ?"

"ఒకే మాట ఉండాలి. నిబంధన." ఆయన కాసేపు ఆలోచించారు. నా మీద ఆయనకూ జాలి కలిగి ఉండాలి. "ఒక మార్గం ఉంది. సదరు ఇద్దరినీ తప్పించాలి."

"ఎవర్నండీ?"

"సత్యనారాయణ స్వామిని, సుబ్రహ్మణ్యేశ్వరుణ్ణి."

నేను చెంపలు వేసుకున్నాను. కామేశం గారు కూడా గొంతు తగ్గించి అన్నారు. "శాశ్వతంగా కాదండీ. ఈ అర్జీ మేరకే. ఇద్దరు ఉద్యోగుల్ని వేరే శాఖకు పంపినట్టు అనుకోండి. పని కాగానే యథాస్థానానికి వచ్చేస్తారు. తమరు ఒక సంతకం పెడితే చాలు."

ఇంటికొచ్చి చెబితే సీతామాలక్ష్మి చేతిలోని గరిటె కింద పెట్టేసింది.

"సత్యనారాయణ స్వామిని తీసేస్తారా! ప్రసాదం పుచ్చుకోకపోతేనే ఊరుకోరంటారు. మీరు ఏకంగా పేరులోంచే తీసేస్తానంటన్నారు."

"తియ్యడం కాదే. తాత్కాలికంగా..."

"సుబ్రహ్మణ్యేశ్వరుడైతే మరీను. కాలువ పక్కన ఇల్లు మనది. పాములు తిరిగే చోటు."

అది నిజమే. నేను డీలా పడిపోయి అరుగు మీద కూర్చున్నాను. ఒక మెట్టు బండ కోసం ఇద్దరు దేవుళ్లను సెలవు మీద పంపడం ఏ శాస్త్రంలోనైనా ఉందా? పంపకపోతే వచ్చే వానాకాలం కూడా పిన్నిగారి బండ మా వాకిట్లోనే ఉంటుంది. ఏది ఎక్కువ పాపం? నాకు తెలిసినంతలో తేలలేదు.

పక్కదొడ్లో చప్టా మీద ఉతికే చప్పుడు ఆగింది. పిన్నిగారు లేస్తున్నట్టున్నారు. గోడ మీద ముందు ఒక చెయ్యి కనపడింది. తరవాత రెండో చెయ్యి. చాలాసేపటికి మొహం కనపడింది. మా మాటలన్నీ విన్నారు.

"సర్దుకోమను నాయనా," అన్నారు ఒగురుస్తూ. "దేవుళ్లు కదా, ఓపికుంటుంది. ఎన్ని యుగాలైనా నిలబడే ఉంటారు. నాకే కూచుంటే లేవడం అవ్వడం లేదు."

ఆవిడ ఎగతాళిగానే అన్నారు. కానీ కళ్లలో నీళ్లున్నాయి. మోకాళ్ల నొప్పి వల్ల వచ్చినవి. సీతామాలక్ష్మి నా వైపు చూసింది. గరిటె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. అదే అనుమతి.

ఆ సాయంత్రం దీపం ముందు కూర్చుని, "స్వాములూ, ఇది నా కోరిక కాదు, మునిసిపాలిటీ వారి నిబంధన," అని విన్నవించుకున్నాను. ఇద్దరికీ చెరో కొబ్బరికాయ కొట్టాను. రెండూ బాగానే పగిలాయి. దాన్ని అంగీకారంగా తీసుకున్నాను. వీధిలో ఎవరో "మూర్తీ" అని పిలిస్తే ఎప్పటిలాగే "ఆయ్" అన్నాను. ఇద్దరు తగ్గినా గొంతులో తేడా ఏమీ లేదు.

సంతకం పెట్టాను. పదం నమోదైంది. ఇక బండ వస్తుందనుకున్నాను.

బండ రాలేదు, పిలుపు వచ్చింది. నా పదంలో మిగులు అక్షరాలు ఉన్నాయని ఆడిట్ వారు అభ్యంతరం చెప్పారట. ఆ అభ్యంతరం పరిష్కరించడానికి కమిషనరు గారే స్వయంగా సమావేశం పెట్టారు. పొడుగాటి బల్ల చుట్టూ అధికారులు కూర్చున్నారు. నన్ను చివర్న ఒక స్టూలు మీద కూర్చోబెట్టారు.

కామేశం గారు లేచి చదివారు. "అర్జీదారు తరఫున ఆర్, వి, వి, ఎల్, ఎన్, జి లెక్కకు వచ్చాయి. కాగా ఇ, ఓ, ఐ అనే మూడు అక్షరాలకు ఎటువంటి ఆధారమూ చూపబడలేదు. ప్రయోజనం లేని అక్షరాన్ని మంజూరు చేయుట ప్రజాధనం దుర్వినియోగం కిందకు వస్తుంది."

"అవి మాటలోనే ఉన్నాయండి," అన్నాను. "నేను పెట్టలేదు."

కమిషనరు గారు చిరునవ్వు నవ్వారు. చిన్న వయసువారు, చక్కటి మనిషి, ఎవరినీ కసురుకోరు. "మూర్తిగారూ, మీరు సమస్యను చూస్తున్నారు. నేను అవకాశాన్ని చూస్తున్నాను. మూడు అక్షరాలు మనకోసం ఎదురుచూస్తున్నాయి. వాటికి మనం జీవం పోద్దాం."

అంతా తలలూపారు. కాఫీలు తాగేలోపు జీవం పోసేశారు. ఇ అంటే ఈవెంట్, అంటే సభ. ఓ అంటే ఓపెనింగ్, అంటే ప్రారంభోత్సవం. ఐ దగ్గర కొంచెం ఆగి, ఇన్‌స్క్రిప్షన్ అని తేల్చారు, అంటే శిలాఫలకం. ఎవరో ఇంజనీరు ఫలకానికి పీఠం కట్టాలి కదా అని అడిగాడు. పీఠాన్ని ఇంగ్లీషులో పెడెస్టల్ అంటారు, మొదటి అక్షరం పి, ఈ పదంలో పి లేదు కాబట్టి పీఠం కుదరదని కామేశం గారు వెంటనే స్పష్టం చేశారు. కమిషనరు గారు ఆయన నిశిత దృష్టిని మెచ్చుకున్నారు.

"మరి ఆర్ అండి? రిపేరు?" అన్నాను.

"అది అసలు అక్షరం. దాన్ని ఎవరూ కాదనరు," అన్నారు కమిషనరు గారు. "ముందు ఇ, ఓ, ఐ అయ్యాక నిధుల లభ్యతను బట్టి ఆర్ చేపడతాం."

ప్రారంభోత్సవం నాడు మా వీధి వీధిలా లేదు. షామియానా వేశారు. మైకులో భక్తి పాటలు పెట్టారు. "రివాల్వింగ్ పథకం" అని పెద్ద గుడ్డ బ్యానరు కట్టారు. కాలువ అంచున మా గోడకు ఆనించి, పట్టు గుడ్డ కప్పిన శిలాఫలకం నిలబెట్టారు. పాలిషు పెట్టిన నల్లరాయి, మంచి మందం. మా సీతామాలక్ష్మి హారతి ఇచ్చింది. నాకు కూడా ఒక దండ వేశారు. వేసుకుని నిజంగా సంతోషించాను. అది దాచడం దేనికి?

పిన్నిగారిని ముందు వరసలో కూర్చోబెట్టాను. కమిషనరు గారు కారు దిగి, మా వాకిటికి వచ్చి, పిన్నిగారి బట్టల బండ మీదుగా కాలువ దాటి, వెనక్కి తిరిగి దాన్నే చూశారు. బూటు కాలితో రెండుసార్లు తట్టారు. మొహం వెలిగిపోయింది.

మైకు అందుకుని అన్నారు. "ఏం పనితనం! ఎంత నునుపు! ఎక్కడా కదలడం లేదు. ఎక్కడో మొదలైన ఒక చిన్న ఇంగ్లీషు మాట ఈ రోజు ఒక సామాన్య పౌరుడి గడప ముందు రాయిగా మారి మనందరికీ..."

"ఆ బండ నాదండీ!" పిన్నిగారు కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. "మా ఆయన కొండ దగ్గరుండి కొట్టించి తెచ్చేరు. నేను బట్టలుతుక్కునే బండండీ అది!"

"ప్రజలు దీన్ని తమ సొంతంగా భావిస్తున్నారు!" అన్నారు కమిషనరు గారు ఆర్ద్రంగా. చప్పట్లు మోగాయి. పక్కనే ఉన్న డప్పులవాళ్లు అదే సంకేతమనుకుని మొదలుపెట్టేశారు. ఆ మోతలో పిన్నిగారి మాట ఇంక వినపడలేదు. ఆవిడ నోరు కదలడం మాత్రం నాకు కనపడింది. ఆవిడ చూస్తున్నది కమిషనరు గారి వైపు కాదు, నా వైపు.

కార్లు వెళ్లాక కామేశం గారు ఫైలు పట్టుకుని వెనక్కి వచ్చారు.

"మూర్తిగారూ, ఒక ముఖ్య విషయం. కమిషనరు గారు ప్రారంభించిన క్షణం నుంచి కాలువపై గల సదరు బండ పురపాలక ఆస్తి. కదపరాదు. తొలగించరాదు."

"అది పిన్నిగారిదండీ. నేను అరువు తెచ్చింది."

"ఉండొచ్చు. నేను కాదనడం లేదు. కానీ 'కాలువపై బండ ఒకటి' అని నమోదైపోయింది. ఇక నా చేతిలో లేదు."

పిన్నిగారు ఈసారి ఎగతాళి చెయ్యలేదు. దానికే నాకు భయం వేసింది. గోడ పట్టుకుని మెల్లగా ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. మెడలో దండతో నేను కాలువ ఒడ్డున నిలబడ్డాను. ఇద్దరు దేవుళ్లను సెలవు మీద పంపాను. నిఘంటువును పూజించాను. అంతా చేసి ఆవిడ బండను ఆవిడకు ఇవ్వకపోగా మునిసిపాలిటీకి రాసిచ్చేశాను. నా వల్ల ఇంతకంటే ఎక్కువ మేలు ఎవరికైనా జరిగి ఉంటుందా?

షామియానా వాళ్లు గుంజలు పీకుతున్నారు. ఒక గుంజ తగిలి శిలాఫలకం పక్కకు ఒరిగింది. నేనూ సీతామాలక్ష్మీ పరుగెత్తి పట్టుకున్నాం. పట్టుకున్నాక దాన్ని చూశాం. తరవాత కాలువను చూశాం. తరవాత ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. ముప్ఫయ్యేళ్ల కాపురంలో ఒకే ఆలోచన ఇద్దరికీ ఒకేసారి రావడం అరుదు.

"కామేశం గారూ," అన్నాను, "మీరు రాసుకున్నది 'కాలువపై బండ ఒకటి' అనే కదండీ?"

"ఔను."

"ఏ బండ అని లేదు కదండీ?"

ఆయన ఫైలు తెరిచి చూసుకున్నారు. "లేదు."

"శిలాఫలకం పని జరిగిన చోటే ఉండాలి కదండీ?"

"ఉండాలి. నిబంధన."

"పీఠం లేదు కదండీ?"

"పి లేదు," అన్నారు కామేశం గారు నెమ్మదిగా. ఆయన మొహంలో ఏదో కదిలింది.

షామియానా వాళ్లు గునపాలు ఇచ్చి ఒక చెయ్యి వేశారు. పిన్నిగారి బండను పక్కకు దొర్లించి, దాని చోట శిలాఫలకాన్ని కాలువ మీదికి జరిపాం. కొలిచి చేయించినట్టు కూర్చుంది. నేను కాలువలో మోకాలి లోతున దిగి కింద నుంచి ఆనిక సరిచేస్తున్నాను. కామేశం గారు వంగి చూశారు.

"అక్షరాలు ఏ వైపు పెట్టేరు?"

"కిందికండీ."

"ఎందుకని?"

"అక్షరాలను తొక్కకూడదు కదండీ. సరస్వతి."

ఆయన వేళ్ల మీద ఏవో లెక్కపెట్టుకున్నారు. ఆ ఫలకం మీద ఇంగ్లీషు మాట కింద కమిషనరు గారి పేరు, దాని కింద ఇంకా చాలామంది పేర్లు, అట్టడుగున చిన్నక్షరాల్లో ఆయన పేరు కూడా ఉన్నాయి. "పై అధికారుల పేర్లను రోజూ తొక్కించడం క్రమశిక్షణా రాహిత్యం. కిందికే ఉండనివ్వండి," అన్నారు. అటూ ఇటూ చూసి, చెప్పులు విడిచి, బండ మీద ఒక కాలు పెట్టి ఊపి చూశారు. కదల్లేదు. అప్పుడు ఫైలు తీసి, ఆర్ అనే అక్షరం ఎదురుగా "పూర్తి, ఖర్చు లేదు" అని రాశారు. ఇన్నాళ్ల పరిచయంలో ఆయన నవ్వడం నేను అదే మొదటిసారి చూడటం.

షామియానా వాళ్ల తోపుడు బండి మీద పిన్నిగారి బండను వాళ్ల దొడ్డి గుమ్మం దాకా తీసుకెళ్లాం. తలుపు కొట్టాను.

పిన్నిగారు తెరిచి, ముందు నన్ను చూశారు. తరవాత నా వెనక బండను చూశారు. పక్కకు తప్పుకున్నారు. పాత రాతి దిమ్మల మీద దాన్ని ఎత్తి నిలబెట్టేసరికి నలుగురు మగాళ్లకు నడుములు విరిగాయి. ఆవిడ చెంబుతో నీళ్లు పోసి బండ మొత్తం చేత్తో కడిగారు. బొటనవేలితో నాలుగు మూలలా పసుపు పెట్టారు. తరవాత దాని ముందు నిటారుగా నిలబడి చూసుకున్నారు.

"పిన్నిగారూ," అన్నాను, "రెండ్రోజులన్నాను. కొంచెం ఆలస్యమైంది."

ఆవిడ నన్ను తల నుంచి కాళ్ల దాకా చూశారు. మెడలో దండ వాడిపోయి ఉంది. భుజం మీది కండువా అంతా కాలువ బురద.

"ఆ కండువా ఇలా ఇవ్వు," అన్నారు.

"ఎందుకండీ, ఇంట్లో..."

"ఇవ్వవయ్యా మూర్తీ. మొదటి దెబ్బ దీనికే."

కండువా తడిపి, సబ్బు రాసి, రెండు చేతులతో తల మీదికెత్తి, నా వైపే చూస్తూ బండ మీద ఒక్కటి వేశారు. ఆ చప్పుడుకు గోడ మీది కాకులు లేచిపోయాయి. ఆవిడ కొట్టింది కండువానేనని ఇప్పటికీ అనుకుంటున్నాను.